గూటికి కుక్కను మచ్చిక చేయుట



ముప్పది నాలుగేండ్లు తెలుగు పండితుడనై బడులలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందిన నన్ను, గ్రామస్థుల కార్యక్రమమునకై ప్రయోజనకరమైన విషయ మేదేని మాటలాడుమని రేడియోవారు కోరిరి. భారతమును గూర్చియో శతకములను గూర్చియో చెప్పుదునని వారు తలంచియుందురు. నేను కుక్కను గూర్చి చెప్పదలచితిని. ఇది విని కొందరు నవ్వుదురు. నవ్వినను దోషము లేదు, కాని కొంతసేపు చెవి యొగ్గి వినుడు. గోదావరి యొడ్డునను అడవి యంచునను కాపురముండు మనకు ఇది నవ్వి విడిచిపెట్టదగిన సంగతి కాదు.

1986 ఆగస్టు మాసమున భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల యెత్తునకు వచ్చినది. మీలో పెద్దవారికి ఆ దినములు జ్ఞాపక ముండును. నే నప్పుడు ఉద్యోగములో చేరి రెండేండ్లయినది. బూర్గంపాడునకు దాపున నొక గ్రామమున ఒక రైతు ఇంటిలో గది యద్దెకు తీసికొని యుంటిని. కిన్నెరసాని గోదావరిలో కలియు తావు అచ్చటికి దూరము కాదు. గోదావరి పొంగినపుడు కిన్నెరసాని నీరు ముందునకు పోజాలక వెనుకకు ఎగదన్ని పొలములను ముంచును. ఆ యింట మోతి యను కుక్క యుండెడిది. నల్లని మేను, తెల్లని నుదురు. రాత్రివేళ పాము వచ్చినచో మొదట పసిగట్టి చెప్పునది అదియే. నేను బడి విడిచి వచ్చుసరికి వీథి మొగమున నిలిచి యుండెడిది.

వరదనాటి రాత్రి పడవ వచ్చినది. పిల్లలు, ముసలివారు, బియ్యపు మూటలు ఎక్కుట యైనది. మోతిని ఎక్కింపబోగా అది వెనుకకు పెనగినది. పుట్టినది మొదలు దానిని ఎవ్వరును ఎత్తి యెరుగరు, ఎక్కడను మూసి యెరుగరు. ఇద్దరము కలిసి పట్టుకొంటిమి. పడవ ఒరిగినది. పడవ నడుపువాడు కేకలు వేసినాడు. అతని తప్పు లేదు, పదునలుగురి ప్రాణములు అతని గడకఱ్ఱ మీద నుండెను. మోతి మా చేతులనుండి జారి గడ్డివామి మీదికి దూకినది. పడవ సాగినది. చాల దూరము వరకు దాని మొరుగు వినవచ్చినది, తరువాత వినరాలేదు. నీరు తీసిన పిమ్మట వామియు లేదు, మోతియు లేదు. ఆ యింటి పిల్లలు చాలకాలము నా మొగము చూడలేదు. ఏలయన, చేయి వదలినవాడను నేనే.

కుక్క మూర్ఖపు జంతువని అప్పుడు నాకు తోచినది. ఈ యభిప్రాయము మార్చుకొనుటకు నాకు ముప్పది యేండ్లకు పైగా పట్టినది. మోతి మూర్ఖురాలు కాదు. చెప్పని పాఠమునుండి దానికి పరీక్ష పెట్టితిమి, అదియు నర్ధరాత్రి, వానలో, ఊగుచున్న పడవ మీద. ఉపాధ్యాయుడనై యుండియు ఈ సంగతి నాకు తట్టకపోవుట వింత.

మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథము ఎక్కనని నిలిచెను. ఇది పురాణకాలపు మాట యని మనము తలంతుము. కాని 2005 ఆగస్టులో అమెరికా దేశమున కత్రినా యను పెనుతుపాను వచ్చి న్యూ ఆర్లియన్సు నగరము నీట మునిగినపుడు, పెంపుడు జంతువులను వెంట రానీయనందున ఇండ్లు విడువక నిలిచిపోయినవారు అనేకులు కలరు. అందువలన మరుసటి యేడు, 2006లో, ఆ దేశమున ఒక చట్టము చేసిరి. ఆపత్కాలమున జనులను తరలించు ప్రణాళికలలో ఇంటి జంతువులకును దారి చూపవలె నని దాని తాత్పర్యము. ధర్మరాజునకు రథము తెచ్చినవాడు దేవేంద్రుడు గనుక వాదము ముగియువరకు వేచి యుండగలిగెను. మన పడవవాడు అట్లు వేచి యుండలేడు.

భద్రాచలము వద్ద నీరు 43 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది యని మీకు తెలిసినదే. ఎగువ వానలు బలముగా నున్నపుడు మొదటి హెచ్చరికకును మూడవదానికిని నడుమ గడువు కొద్దియే. ఆ కొద్ది గడువులో గింజలు చూచుకొందుమా, పశువులను విప్పుదుమా, ముసలివారిని ఎత్తుదుమా? కుక్కకు పాఠము చెప్పుట కది సమయము కాదు. నేర్పవలసినది వేసవిలోనే, నేల యెండి యుండగా, మన మనస్సు నిమ్మళముగా నుండగా.

ఏమి నేర్పవలెను? ఒక గూటిలో నిర్భయముగా పడుకొనుట నేర్పవలెను. నేను గూడు అనుచున్నాను, బోను అనుటలేదు. బోను చిరుతపులిని పట్టుటకు అటవీశాఖవారు పెట్టునది, లేదా కచేరీలో ముద్దాయి నిలుచునది. గూడు పక్షి తనంతట తాను చేరునది. రెండింటికిని కట్టెలు ఒకటే గాని, లోనున్న ప్రాణి తలంపు వేరు. కుక్క స్వభావము గూటికి దూరమైనది కాదు. ఈనుటకు వచ్చిన ఆడుకుక్కను చూడుడు. మెట్ల క్రింద, గాదె క్రింద, కట్టెల మోపుల సందున, మూడు వైపుల మూసియుండి ఒక వైపు తెరచియుండు తావును వెదకికొనును. ఆ యభిరుచిని మన మక్కఱకు త్రిప్పుకొనుటయే ఈ విద్య.

గూటి నిర్మాణము చెప్పెదను. కుక్క నిలిచియుండగా ముక్కు కొననుండి తోక మొదలు వరకు కొలిచి దానికి జానెడు చేర్చిన పొడవు. చెవుల కొననుండి నేలకు కొలిచి బెత్తెడు చేర్చిన యెత్తు. లోపల నిలిచి, చుట్టు తిరిగి, కాళ్ళు చాచి పండుకొనగలిగిన వెడల్పు. మన నాటుకుక్కలకు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల పైచిలుకు ఎత్తు సరిపోవుచున్నది. మీ కుక్కను మీరు కొలువక నా లెక్కను నమ్మకుడు. చట్రము వడ్రంగి చేత కఱ్ఱతో కట్టించి, ప్రక్కలకు దళసరి వెదురు బద్దలు బయటినుండి బిగింపవలెను. ఉత్త వెదురుతో మేదరి చేత అల్లించిన కోళ్ళగంప వంటిది ఒకటి నేను మొదట చేయించితిని. రెండు రాత్రులలో కొఱికి చీల్చినది, పై పెచ్చు చీలిన బద్ద పెదవికి గ్రుచ్చుకొన్నది. బద్దల నడుమ సందు రెండు వ్రేళ్ళకు మించరాదు, మించినచో పాదమో దవడయో ఇరుకును. లోపలికి మేకుమొన ఒక్కటియు రాకుండునట్లు చేతితో తడిమి చూడుడు. రేకు వలదు. ఎండాకాలమున మన కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో వేడిమి 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. మనవలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాపి వగర్చుటయే దానికి ముఖ్యమైన చల్లదనపు మార్గము. రేకు పెట్టెలో మూసిన కుక్క కొద్దిసేపటిలో ప్రాణము విడువవచ్చును.

తలుపు ప్రక్కకు తెరచుకొనవలెను, గడియ బయటి వైపున నుండవలెను. పైన రెండు బలమైన త్రాటి చెవులు పెట్టించినచో వాసము దూర్చి ఇద్దరు మోయుదురు.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. నేను ఉద్యోగము విడిచిన పిమ్మట మా యింటికి ఒక కుక్కపిల్ల వచ్చినది. భైరవుడని పేరు పెట్టితిని. దానికి ఏడాది వయస్సు వచ్చినపుడు కొత్త గూడు వచ్చినది. ఆ వారమే మా యింట ఆబ్దికము. భోక్తలు వచ్చువేళ కుక్క లోనికి జొరబడునని యెంచి, మెడపట్టి గూటిలోనికి త్రోసి గడియ వేసితిని. అది అఱచినది. కఱ్ఱతో గూటిపై కొట్టితిని. ఇంకను అఱచినది. కార్యము ముగిసి వెళ్ళి చూచునప్పటికి బద్దలకు నెత్తు రంటియున్నది, ఒక కోఱ విరిగియున్నది. తలుపు తీయగా నన్ను చూడకయే పెరటి గోడ దూకిపోయినది. వారము దినములు వసారా మెట్టెక్కలేదు. ఆ రాత్రి మా యింటిది నాతో నన్నది: “ఏమండీ, మొదటిదినము బడికి వచ్చిన పిల్లవానిని గదిలో పెట్టి తాళము వేయుదురా?” నా వద్ద సమాధానము లేకపోయినది.

ఆదిపర్వ కథారంభముననే సరమ యను దేవశుని వృత్తాంతము కలదు. జనమేజయుని తమ్ములు, ఏ తప్పును చేయని దాని పిల్లను యజ్ఞశాలయొద్ద కొట్టిరి. నిరపరాధిని కొట్టినవారికి ఊహింపని భయములు వచ్చునని ఆ తల్లి రాజుతో చెప్పి పోయినది. నేను ఆ ఘట్టమును ఎన్నిసార్లు పాఠము చెప్పితినో లెక్కలేదు. మా యింటి కార్యమునాడు నేను చేసినదియు అదియే యని తెలియుటకు మాత్రము విరిగిన కోఱ కావలసి వచ్చినది. ఇంకొక మాట. కనకపు గద్దెపై కూర్చుండబెట్టినను కుక్క గుణము మారదని సుమతీ శతకకారుడు చెప్పిన పద్యము మనకందరకు కంఠస్థము. శతకకారునితో వాదించు సాహసము నాకు లేదు గాని, ఆ కుక్కను ఆ గద్దెపైకి ఎట్లు ఎక్కించిరో పద్యములో చెప్పలేదు. ఒకవేళ నావలెనే మెడపట్టి యెక్కించిరేమో.

తప్పు దిద్దుకొనుటకు నాకు రెండు నెలలు పట్టినది. తప్పు చేయక మొదలుపెట్టువారికి కొన్ని కుక్కలతో పది దినములు, కొన్నిటితో నెల పట్టును. క్రమము ఇట్లుండవలెను.

గూటిని ఇంటివారు మెలగు తావున, నీడపట్టున పెట్టుడు. మూలగదిలోనో పశువుల కొట్టములోనో పెట్టినచో కుక్క దానిని వెలివేతగా తలంచును. తలుపును త్రాటితో వెనుకకు కట్టివేయుడు. గాలికి ఒక్కసారి టప్పున పడినను నాలుగు దినముల పని చెడును. లోపల మీరు కప్పుకొని విడిచిన పాత గొంగళియో దుప్పటియో పఱవుడు, ఉతుకకుండ. మన మేని వాసన దానికి ధైర్యము నిచ్చును. ఇట్లు పెట్టి ఊరకుండుడు. రమ్మని పిలువకుడు, చూపకుడు, త్రోయకుడు. కుక్క దూరమునుండి వాసన చూచును, చుట్టు తిరుగును, పోవును. పోనిండు.

రెండవ దినము మొదలు గూటి చెంత రొట్టెతునుకలు వేయుడు. తరువాత గడపపై, తరువాత కొంచెము లోపల, తరువాత చివరన. తల మాత్రము పెట్టి తిని వెనుకకు వచ్చినచో అంతవరకే నాటి పాఠము. మా యింట శాకాహారమే గనుక జొన్నరొట్టెయు ఉడికించిన చిలగడదుంపయు వాడితిని. మీ యిండ్ల గ్రుడ్డో మాంసపు తునుకయో దొరికినచో పని ఇంకను త్వరగా జరుగును. ఉల్లి పడిన కూర మాత్రము పెట్టకుడు, ఉల్లి కుక్క నెత్తురునకు కీడు చేయును. నాలుగు కాళ్ళును లోపల పెట్టి నిలిచి తినుట అలవాటైన పిమ్మట రెండుపూటల అన్నపు గిన్నెను గూటిలోనే పెట్టుడు. తలుపు తెరచియే యుండవలెను.

ఇందాక గడియ మాట చెప్పితిని. అది యిచ్చట పనికివచ్చును. రష్యా దేశమున పావ్లావు అను శాస్త్రవేత్త యుండెను. జీర్ణక్రియను గూర్చి చేసిన కృషికి 1904లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. తిండి పెట్టుటకు ముందు ఒక చప్పుడు వినిపించుచు వచ్చినచో, కొన్నాళ్ళకు ఆ చప్పుడు విన్నంతనే, తిండి లేకున్నను, కుక్క నోట లాలాజలము ఊరునని ఆయన చూపెను. మన బడిపిల్లలకు మధ్యాహ్నపు గంట విన్నంతనే ఆకలి పుట్టుట యిట్టిదే. కావున కుక్క గూటి బయట నున్నపుడే గడియను ఒకసారి కదలించి, వెంటనే ఒక తునుక వేయుడు. దినమునకు పదిసార్లు. గడియ చప్పుడు కుక్కకు చెఱసాల చప్పుడు కాక వంటయింటి చప్పుడు కావలెను. భైరవుని మనస్సు తిరిగినది ఈ చోటనే. అంతవరకు గడియ కదలినంతనే పెరటి గోడ వైపు చూచెడిది. ఇరువది దినములకు గడియ చప్పుడు విని వసారాలోనికి పరుగున వచ్చినది.

ఆ పిమ్మట తినుచుండగా తలుపు దగ్గరగా వేయుడు. గడియ వేయకుడు. తినుట ముగియక ముందే తెరువుడు. ఇది ముఖ్యము: అది తీయుమని యడుగక ముందే మనము తీయవలెను. మరునాడు గడియ వేసి ఊపిరి పదిసార్లు పీల్చునంతసేపు. తరువాత అయిదు నిమిషములు, మీరు ప్రక్కనే కూర్చుండి చుట్టపు పొగయో పత్రికయో చూచుకొనుచుండగా. తరువాత మీరు లేచి లోనికి పోయి వచ్చునంతసేపు. ఒక దినము పెంచి మరునాడు తగ్గించుడు. ప్రతిదినమును నిన్నటికంటె కష్టమైనచో పిల్లవాడు బడి యెగగొట్టును, కుక్కయు నంతే.

కుక్క అఱచినచో ఏమి చేయవలెనని అడుగుదురు. దీనిలో జనులు రెండు విధముల పొరబడుదురు. కొందరు మొదటి కుయ్యికే తలుపు తీయుదురు, కుయ్యిమనిన తలుపు తీయబడునని కుక్క నేర్చుకొనును. కొందరు ఎంత యఱచినను తీయము, అదే యణగునందురు, నేను చేసినది అదియే. ముందు మొగము చూడుడు. ఊరక మారాము చేయు కుక్క అఱచి, ఆగి, మీ వైపు చూచును. అది ఆగిన క్షణమున తీయుడు. నిజముగా భయపడిన కుక్క ఆగి చూడదు. వగర్చును, చొంగ కార్చును, కనుగ్రుడ్ల తెలుపు కనబడును, తోక కడుపు క్రిందికి పోవును, ఎదుట పెట్టిన తిండి ముట్టదు. అట్టిదానిని వెంటనే బయటకు తీసి, మఱునాడు రెండు మెట్లు వెనుకకు దిగి మొదలుపెట్టుడు. తప్పు కుక్కది కాదు, మనము తొందరపడితిమి. తిండిని ముట్టుట, ముట్టకుండుటయే మంచి గుర్తు. ఆకలిగా నున్న కుక్క ఇష్టమైన తునుకను విడిచినచో భయము ఆకలిని మించినదన్నమాట. ఎన్ని మెట్లు దిగినను ఈ భయము పోని కుక్కలు కొన్ని కలవు. వాటిని పశువైద్యునికి చూపుడు, బలవంతము వలదు.

గూటిలో పెట్టుటకు ముందు బయట త్రిప్పి మలమూత్రములు కానిండు. మూడు మాసముల పిల్ల మూడు గంటలకు మించి ఆపుకొనలేదు. మెడపట్టీ తీసివేయుడు, బద్దలకు తగుల్కొని ఉరి పడవచ్చును. తప్పు చేసినందుకు శిక్షగా ఎప్పుడును అందులో పెట్టకుడు. అది గూటిలో నున్నపుడు పిల్లలు కఱ్ఱపుల్లలతో పొడువకుండ చూడుడు. లోపల నున్న కుక్క జోలికి ఎవ్వరును పోరాదను నియమము ఇంటిల్లిపాదికి ఉండవలెను.

పగలెల్ల చీకటిలో మూసి రాత్రి విడిచినచో కుక్క కఱకుదగునని మన గ్రామములలో ఒక నమ్మకము కలదు. పెద్దలు మన్నింతురుగాక, ఇది చెడు నమ్మకము. అట్టి కుక్క దొంగను కఱచుటకు ముందు మన మనుమనిని కఱచును. జంతువునకు కదలుటకు చాలినంత చోటు లేని పెట్టెలో మూసియుంచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ. నేను చెప్పు గూడు పగటివేళ తలుపు తెరచియుండునది. మూయుట ప్రయాణమునకు, ఆపదకు, రాత్రి నిద్రకు మాత్రమే.

రాత్రి మాట వచ్చినది గనుక అడవి యంచు గ్రామములవారికి ఒక మాట. చిరుతకు కుక్క యిష్టమైన యాహారము. గొలుసుతో కట్టిన కుక్క దాని నోటికి అందించినట్లే, పాఱిపోవుటకైనను వీలులేదు. విడిచిన కుక్క అడవిలోనికి పోయి దుప్పులను తఱుమును, అచ్చటి జంతువుల జబ్బు ఇచ్చటికి, ఇచ్చటిది అచ్చటికి మోయును. తలుపు వేసిన వసారాలో గూటియందు పండుకొన్న కుక్క రెండింటినుండి తప్పించుకొనును. పైగా చెవి మూసికొనదు గనుక కాపలాయు తప్పదు. నిద్ర గాఢమైనను ఇట్టే మేల్కొనుట కుక్కనుండి మనము నేర్వదగిన గుణమని నీతిశాస్త్రకారులే చెప్పిరి.

గూటిలో పండుకొనుట వచ్చిన పిమ్మట మోత నేర్పవలెను. దీనిని చాలమంది మఱతురు. నేలమీద నిలుకడగా నున్న గూడు వేఱు, ఊగు గూడు వేఱు. మొదట కుక్క లోపల నుండగా ఒక వైపు వ్రేలెత్తు లేపి దింపి తునుక యిండు. తరువాత వాసము దూర్చి ఇద్దరు ఎత్తి అక్కడనే దింపుడు. తరువాత వాకిలి వరకు. తరువాత ట్రాక్టరు తొట్టిలో పెట్టి, యంత్రము నడపక, అన్నము పెట్టుడు. మఱునాడు యంత్రము నడపి, కదలక. ఆ మఱునాడు ఊరి చివర వరకు. పడవ దొరికినచో రేవులో కట్టియున్న పడవలో ఒక పూట. ఇందులకు వారము పది దినములు పట్టును. నా మాట నమ్ముడు, ఈ పది దినములు ముఖ్యము. మోతి వెఱచినది ఊగుటకే.

ఈ విద్య వరదకు మాత్రమే కాదు. ఏటేట పిచ్చికుక్క రోగపు టీకా వేయించుటకు పశువుల ఆసుపత్రికి తీసికొని పోవలెను గదా. నోటికి త్రాడు కట్టి ఈడ్చుకొనిపోవు బాధ తప్పును. ఏ కుక్కయైనను కఱచినచో గాయమును సబ్బుతో ధారగా పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెనని ఇదే సందర్భమున జ్ఞాపకము చేయుచున్నాను. ఆకుపసరులు నమ్మి కూర్చుండకుడు, ఆ రోగము బయటపడిన పిమ్మట వైద్యము లేదు. దీపావళి టపాకాయలకు వణకు కుక్కకు గూటిపై దుప్పటి కప్పి మూడు వైపుల మూసినచో కొంత కుదుటపడును. రైలు ప్రయాణమున కుక్కలను గార్డు పెట్టెలోని అఱలో పంపు ఏర్పాటు కలదు. కొత్తగూడెములోని భద్రాచలం రోడ్డు స్టేషనులో బండి యెక్కి పట్టణములోని కొడుకు వద్దకు పోవువారికి ఇదియు అక్కఱకు వచ్చును. అలవాటులేని కుక్కను ఆ అఱలో త్రోసి పంపుట మాత్రము పాపము.

2022 జూలైలో గోదావరి మఱల పెరిగి భద్రాచలము వద్ద 71.3 అడుగులు చేరినది. రెండవ హెచ్చరిక విన్నంతనే మేము సర్దుకొంటిమి. వాన కురియుచుండెను. మైకులో కేకలు, వీథిలో పరుగులు. నేను గడియ కదలించితిని. భైరవుడు తడిసిన మేనితో వచ్చి గూటిలో పండుకొన్నాడు. తలుపు వేసి గోనెపట్ట కప్పి ఇద్దరు కుఱ్ఱవాండ్రు వాసముతో ఎత్తి ట్రాక్టరులో పెట్టిరి. ఇంత చెప్పుటకు పట్టినంతసేపును పట్టలేదు. పునరావాసమునకై ఇచ్చిన బడిగదిలో ఒక మూల గూడు పెట్టుకొంటిమి. కుక్కను లోనికి రానీయమని మొదట ఎవరో అనిరి గాని, మూసియున్నదని చూచి ఊరకుండిరి. ఆ రాత్రి దాని చుట్టును పిల్లలు పండుకొనిరి.

మా వీథిలో ఒక అవ్వ యుండెను. ఒంటరి మనిషి. ఆమె కుక్క గూడు ఎరుగదు. నేను వేసవిలో చెప్పియుంటిని, “అయ్యవారూ, కుక్కకు మేడ కట్టించుమందురా?” అని నవ్వి పోయినది. ఆ దినమున కుక్కను విడిచి రానని గడపలో కూర్చున్నది. రెండుమాఱులు మనుష్యులు వచ్చి వెనుకకు పోయిరి. మూడవమాఱు నీరు మెట్లు ఎక్కినపుడు ముగ్గురు కుఱ్ఱవాండ్రు పోయి కుక్క మీద గొంగళి వేసి చుట్టి మూటగా తెచ్చిరి. అందులో ఒకని చేయి కఱచినది. అవ్వ అప్పుడు పడవ యెక్కినది. ఆ కుఱ్ఱవాడు వరద నడుమ సూదిమందు కొఱకు ఆసుపత్రికి తిరుగవలసి వచ్చినది. ఎవ్వరి ప్రాణమునకును హాని కలుగలేదు, అది భగవదనుగ్రహము. ఆ కుక్కను గూర్చి ఎవ్వరును అవ్వను నిందింపలేదు. నేను మాత్రము నవ్వినంత మాత్రమున విడిచిపెట్టక మఱియొకసారి చెప్పియుండవలసినదని అనుకొంటిని. ఈ ప్రసంగమునకు ఒప్పుకొనుటకు కారణమును అదియే.

నీరు తీసిన నెలకు అవ్వ మా యింటికి వచ్చి గూటిని జానలతో కొలుచుకొని పోయినది. వడ్రంగి కూలి ఎక్కువ చెప్పినాడని రెండుమాఱులు తగవులాడి, కడకు పాత తలుపు చెక్కలతో చేయించుకొన్నది. మొదటి మూడు వారములు ఆమె కుక్క అందులో కాలు పెట్టలేదు. నాలుగవ వారమున అవ్వయే ఒక మధ్యాహ్నము తల లోపల పెట్టి దుప్పటి సర్దుచుండగా, వెనుకనుండి వచ్చి ఆమె ప్రక్కగా దూరి లోపల పండుకొన్నదట.

ఇప్పుడు చైత్రము నడచుచున్నది. మృగశిర కార్తెకు ఇంక రెండు నెలలు కలదు. వడ్రంగులకు ఈ దినములలో పని తక్కువ. కొలతలు కావలసినవారు మా యింటికి వచ్చి గూటిని చూచుకొనవచ్చును. వసారాలోనే యున్నది, తలుపు తెరచియే యుండును. పగటివేళ భైరవు డందులో నిద్రించుచుండును గనుక కొంచెము మెల్లగా మాటలాడుడు.